ఏడో ఖాళీ

ఉయూనీలో రాత్రి చలికి
నాకంటే ముందు పెన్ను మొరాయిస్తుంది.
చంకలో పెట్టుకుని వెచ్చజేసి
మళ్ళీ మొదలుపెడతాను:
ఖాళీలు పూరించుము.

ఏప్రిల్లో గైడు పరీక్ష.
పాసైతే జీపు తలుపు మీద నా పేరు,
సెవెరినా కోల్కే, ఇంగ్లీషు వచ్చును.
పాసవకపోతే ఇప్పటిలాగే
స్టీరింగు నాది, మాటలు ఇంకొకడివి.

వారానికి మూడు సాయంత్రాలు
టైర్ల షాపు మీది గదిలో
నినోస్కా టీచరు కాలాలు నేర్పుతుంది.
మొత్తం పన్నెండట. నేను లెక్కపెట్టలేదు.
మా ఊరికి రెండే:
నీళ్ళు నిలిచే కాలం, ఉప్పు గట్టిపడే కాలం.

మొదటి తగువు తునూపా కొండ దగ్గర వచ్చింది.
బిడ్డను పోగొట్టుకుని ఆ కొండ ఏడ్చిందట,
చనుబాలు నేలంతా పారి
ఎండి ఇంత ఉప్పయిందట.
ఇంగ్లీషులో రాస్తే
కొండ ఏడ్చింది. పాలు పారాయి.
ఎవరో పక్కనే నిలబడి చూసినట్టు!
మా క్వెచువాలో అలా మాట్లాడితే
అమ్మమ్మ చెవి మెలిపెట్టేది:
"నువ్వు చూశావా?
చూడనిదానికి తోక తగిలించు."
ఆ తోక ఇంగ్లీషులో ఎక్కడుందని అడిగాను.
"దే సే" అని వాక్యం ముందు పెట్టమంది టీచరు.
తోక కోసి ముక్కుకి అతికించినట్టుంది.

రెండో తగువు మరీ చిన్న మాటతో. వుయ్.
వినేవాళ్ళు అందులో ఉన్నారో లేరో
అది చచ్చినా చెప్పదు.
పోయిన ఆగస్టులో ఉప్పు మీద బండ్లు ఆపి
డ్రైవర్లం టైరు చుట్టూ కూర్చుంటూ
"వుయ్ ఈట్ నౌ" అన్నాను.
మేం తింటాం అనుకుని అన్నాను.
మనం తిందాం అని విన్నారు.
డెన్మార్కు ముసలాయన, ఇద్దరు మనవరాళ్ళు
తమ బల్లా, తమ తెల్లగుడ్డా వదిలేసి
మా కినువా గిన్నె మీదికి వంగారు.
లామా ఎముక ఒకటి పెద్దాయన చేతికెక్కింది.
ఫౌస్తో నా వైపు చూశాడు, ఇదేంటన్నట్టు.
వ్యాకరణం, అన్నాను.
ఆ పూట అందరికీ కొంచెం కొంచెం తక్కువైంది.

ఇప్పుడీ ఏడో ప్రశ్న.
మా నాన్న చిలీకి ________.
హ్యాజ్ గాన్ అంటే వెళ్ళాడు, ఇంకా అక్కడే.
హ్యాజ్ బీన్ అంటే వెళ్ళొచ్చాడు.
బోర్డు మీద బాణాలు గీసింది టీచరు,
ఒకటి పోయేది, ఒకటి పోయి తిరిగేది.
తేలికే. మిగతావాళ్ళు రెండు నిమిషాల్లో
పుస్తకాలు మూసి కోటు గుండీలు పెట్టుకుంటున్నారు.

మా నాన్న కలామా గనులకి లారీ తోలేవాడు.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళాడు.
పదకొండేళ్ళప్పుడు ఒక రాత్రి వచ్చాడు.
ఇది నేను చూశాను, తోక అక్కర్లేదు:
బూట్లు విప్పలేదు,
సూపు నిలబడే తాగాడు,
గోడకానించిన స్టెపినీ టైరు
దొర్లించుకుంటూ పోయాడు.
తర్వాత అక్కడ ఇల్లు కట్టాడట.
ఒక కూతురట.
దాని పేరూ సెవెరినాయేనట.

వెళ్ళొచ్చాడు అని రాశాను. వచ్చాడుగా.
కొట్టేశాను.
వెళ్ళాడు అని రాశాను.
ఆ సూపు గిన్నె మరి?
కాగితం అరిగి
వెనక పేజీలోని ప్రశ్న కనబడుతోంది.

టీచరు పెన్సిలు కొరుకుతూ చాలాసేపు చూసింది.
"పుస్తకంలో నాన్న సెలవులకి వెళ్ళాడు, సెవెరినా."
రెండూ తప్పు కాదంది.
పరీక్షలో మాత్రం ఒకటే రాయమంది.

తెల్లవారుజాము నాలుగింటికి జీపు తీశాను.
నీళ్ళు నిలిచాయి, చుక్కలు చక్రాల కింద కూడా.
వెనక సీట్లో ఒక కుర్రాడు
ఇంతకుముందెప్పుడైనా ఇక్కడికొచ్చారా అని అడిగాడు,
డ్రైవర్ని!
పాఠంలో ప్రశ్నే, పొల్లుపోకుండా.
పూర్తి వాక్యంలో చెప్పాలని గుర్తుంచుకుని
"ఐ హ్యావ్ బీన్ హియర్" అన్నాను.
వచ్చాననే అనుకున్నాడు వాడు.
ఆ మాటకే ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నానని కూడా
అర్థం వస్తుందేమో, టీచర్ని అడగాలి.
అద్దానికి ఉప్పు చిమ్మింది.
వైపర్లు వేశాను.